ఆరో నియమం

ఆ ప్రెస్సులో ఒక అత్తా కోడలూ రోజుకు ఎనిమిది గంటలు ఎదురెదురుగా కూర్చుని తప్పులు వెతుకుతుండేవారు. ఒకరిలో ఒకరు కాదు, పుస్తకాల్లో. పైగా సాయంత్రానికి నవ్వుకుంటూ ఇళ్ళకు వెళ్ళేవారు. లోకంలో ఇలాంటి జత మరొకటి ఉందంటే నమ్మడం కష్టమే. నిజానికి వాళ్ళకు ఏ చుట్టరికమూ లేదు.

అది చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు వేసే ప్రెస్సు. అక్కడ సిరా వాసన ఉండదు. దళసరి కాగితం మీద చుక్కల మిషను ఉబ్బెత్తు చుక్కలు గుద్దుతుంది, వాటిని వేళ్ళతో చదువుకోవాలి. పుట్టినప్పటి నుంచీ చూపులేని ఒకావిడ ఇరవయ్యారేళ్ళుగా అక్కడ ప్రూఫు చదువుతోంది. అందరూ ఆవిడను చుక్కలత్త అనేవాళ్ళు, తీరిక లేనప్పుడు ఉత్త అత్త. ఆవిడ ఎదురుగా సిరా అచ్చు పుస్తకం పట్టుకుని కూర్చునే పిల్లను ఇంకేమంటారు? కోడలయింది.

పని తీరు ఇదీ. అత్త వేళ్ళతో చదువుతూ పైకి చెబుతుంది, కామాలూ చుక్కలూ సహా. కోడలు అచ్చు పుస్తకంలో కళ్ళతో వెంబడిస్తూ, వాక్యం సరిపోతే "ఊ" అంటుంది. ఊ రాలేదంటే తప్పు దొరికినట్టే. పేజీ అయ్యాక అత్త సొరుగులోంచి గుండ్రటి ముద్ర తీసి మూల మీద గట్టిగా ఒత్తుతుంది. చదివాను అని దాని అర్థం. తన ముద్ర ఉన్న పేజీలో తన వేలికింద నుంచి పోని అక్షరం ఒక్కటి చూపించినవాళ్ళకు ఆ సొరుగు తాళం ఇచ్చేస్తానని అత్త ఛాలెంజి. ఆవిడకు గర్వం ఎక్కువే, కానీ దాన్ని ఆవిడ కష్టపడి సంపాదించుకుంది.

ఎందుకంటే ఒకసారి ఆ గర్వం ముక్కలైంది. ఆరేళ్ళ కిందట లెక్కల పుస్తకం చదువుతుంటే, ఆసుపత్రిలో ఉన్న తల్లి గురించి ఫోను వచ్చింది. పేజీ మధ్యలో లేచింది. తిరిగి వచ్చి ఎక్కడ ఆపానో అక్కడే మొదలుపెట్టాననుకుంది. మధ్యలో మిషను నాలుగు లైన్లు వదిలేసిందని ఎవరూ పట్టుకోలేదు. ముద్ర పడింది, పుస్తకం వెళ్ళిపోయింది. తర్వాత ఓ బడిపిల్ల చుక్కల్లోనే ఉత్తరం రాసింది. ఆ లెక్క నాకు ఎన్నాళ్ళకీ రాలేదు, నాకు బుర్ర లేదనుకున్నాను, తీరా చూస్తే పుస్తకంలోనే లేదట. ఆ ఉత్తరం అత్త సొరుగులో ముద్ర కిందే ఉంటుంది. ఎవరైనా "పోన్లే అత్తా, ఒక్క లైనే కదా" అంటే ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఆ తప్పు జరిగిన మరుసటి ఏడాదే ప్రెస్సు యజమాని దాన్ని వదిలేసి వెళ్ళిపోయాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయన మనసెలా ఉంటే అదే చట్టం. పొద్దున కాఫీ బాగుంటే అందరూ మంచివాళ్ళు, బాగోకపోతే ఎవరి కుర్చీ ఎగిరిపోతుందో తెలియదు. ఆయన వెళ్ళాక పనివాళ్ళు పదకొండు మందీ కలిసి ప్రెస్సును తామే నడుపుకుందామనుకున్నారు. ఒక ఆదివారమంతా కూర్చుని తొమ్మిది నియమాలు రాసుకున్నారు. రాసింది మిషను మేస్త్రి. మనిషి నిక్కచ్చి, మాట తప్పడు, తన మాట వెనక్కి తీసుకోవడానికి మాత్రం వారం పడుతుంది. ఇక మీద ఎవరి ఇష్టమూ కాదు, అందరం ఒప్పుకున్న మాటే చెల్లుతుందని ఆయన అన్నప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది అత్తే. ఆ కాగితాన్ని అద్దాల ఫ్రేములో పెట్టి తలుపు పక్కన తగిలించారు.

అందులో నాలుగో నియమం అత్త పట్టుబట్టి రాయించినది. జోడీలో ఎవరు మధ్యలో లేచినా పేజీ మళ్ళీ మొదటి నుంచి చదవాలి. ఐదోది మేస్త్రి రాసినది. ప్రూఫు బల్ల రోజుకు నలభై పేజీలు పూర్తి చెయ్యాలి, నెలలో ఐదు రోజులు తగ్గితే జోడీని విడదీసి, ఎవరి వల్ల తగ్గిందో వాళ్ళ స్థానంలో మరొకరిని తీసుకోవాలి. అన్యాయంగా ఏమీ అనిపించలేదు. పుస్తకం ఆలస్యమైతే పరీక్ష ఆగదు కదా. అందరూ సంతకాలు పెట్టారు. కోడలు కూడా పెట్టింది. అప్పటికి ఆమెకు పెళ్ళే కాలేదు.

ఇప్పుడు ఆమెకు ఐదు నెలల పాప. సీసా పెడితే మొహం తిప్పుకుంటుంది, డబ్బాపాలు నోట్లో పోస్తే పోసినవాళ్ళ మీదే ఊస్తుంది. పక్కవీధిలో ఇల్లు. అసలు అత్తగారు పాపను చూసుకుంటుంది, కోడలు రోజుకు రెండుసార్లు పరుగున వెళ్ళి పాలిచ్చి పరుగున వస్తుంది. ఎంత పరుగెత్తినా వెళ్ళినప్పుడల్లా నలభై నిమిషాలు. వచ్చాక పేజీ మళ్ళీ మొదటికి. ఆ నెలలో మూడు వారాలు తిరక్కుండానే మూడు రోజులు లెక్క తగ్గింది.

ఆ సమయంలో బల్ల మీదున్న పుస్తకం కూడా మామూలుది కాదు. కాలేజీ పిల్లలకు నీతిశాస్త్రం, మూడు అధ్యాయాలు. ఏది మంచో ఏది చెడో ఎలా తేల్చుకోవాలన్న దానికి మూడు దారులు. మొదటి దారిలో మనుషులందరూ సమానంగా ఒకచోట కూర్చుని ఒప్పందం చేసుకుంటారు, దానికి కట్టుబడి ఉండటమే న్యాయం. అత్తకు మొదట్లో బాగా నచ్చింది, మన గోడమీది కాగితమే కదా అంది. పదో పేజీకి వచ్చేసరికి సణగడం మొదలుపెట్టింది. ఈ మనుషులకు తల్లులు లేరా, అందరూ పెరిగి పెద్దవాళ్ళయి, కడుపు నిండి, జబ్బు లేకుండా తిన్నగా వచ్చి కూర్చున్నారా అని. కోడలు నవ్వు ఆపుకుంటూ ఊ అంది.

రెండో అధ్యాయం, నియమాలను కాసేపు పక్కన పెట్టు, ముందు నువ్వు ఎలాంటి మనిషివో చూసుకో అంటుంది. ధైర్యం, నిజాయితీ, దయ లాంటి గుణాలను రోజూ చేసి చేసి అలవాటు చేసుకోవాలట, చేతికి పని అబ్బినట్టు. ఇది చదివినప్పుడు ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చాడు. వెనక గదిలో పుస్తకాలు కుట్టే బైండింగు తాత. ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ఆయన వాళ్ళ పని కూడా చేసేవాడు, చేశానని చెప్పేవాడు కాదు. ఆయన మాట మీద ప్రెస్సులో ఎవరికీ రెండో మాట ఉండేది కాదు.

మూడో అధ్యాయం దగ్గర వచ్చింది చిక్కు. అది ఆడవాళ్ళ వైపు నుంచి అడిగిన ప్రశ్నలతో మొదలైంది. ఒప్పందం రాసుకున్నవాళ్ళకు ఆ పూట వండి పెట్టింది ఎవరు? వాళ్ళు రాసుకుంటున్నంత సేపూ వాళ్ళ పిల్లలను ఎత్తుకుంది ఎవరు? ఆ ఎత్తుకున్న చేతులు సంతకం పెట్టాయా? అత్త సరిగ్గా అక్కడిదాకా చదివేసరికి కోడలు గడియారం చూసి లేచింది. తిరిగొచ్చాక మళ్ళీ మొదటి నుంచి. ఈసారి పేజీ సగంలో పాపకు వాంతులని పిలుపు వచ్చింది. మళ్ళీ మొదటి నుంచి. రెండు రోజుల్లో ఆ ఒక్క పేజీ నాలుగుసార్లు చదవాల్సి వచ్చింది. అత్తకు అది కంఠతా వచ్చేసింది. పేజీలో ఉన్నవేమో ముల్లులా గుచ్చుకునే ప్రశ్నలు, నాలుగుసార్లు గుచ్చుకున్నాయి.

ఆ రెండో రోజు, అంటే గురువారం, సాయంత్రం గంట కొట్టేసరికి ఇంకా రెండు పేజీలు మిగిలాయి. ముందురోజుతో నాలుగు రోజులు అప్పటికే తగ్గాయి. ఇది ఐదోది. కోడలు పెన్సిలు పెట్టెలో పెట్టి, పెట్టెకు మూత పెట్టింది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే అత్తకు తిట్టడానికైనా వీలుండేది.

అత్త చేయి సొరుగులోకి పోయింది. ముద్ర చేతికి తగిలింది. రెండే రెండు దెబ్బలు. ఈ మిషను తప్పులు చెయ్యడం అరుదు, ఆ రెండు పేజీల్లో తప్పులుంటాయని ఏముంది? ఈ పిల్ల ఉద్యోగం నిలుస్తుంది, రేపు పొద్దున్నే గుట్టుగా చదివేసుకోవచ్చు. ముద్ర కింద ఉత్తరం కూడా వేళ్ళకు తగిలింది. నాకు బుర్ర లేదనుకున్నాను, అనే లైను ఎక్కడుందో ఆవిడ వేళ్ళకు తెలుసు. సొరుగు మూసేసింది. ఆ రాత్రి ఇంట్లో అన్నం ముందు కూర్చుని చాలాసేపు తినలేదు. తన నిజాయితీ ఎంత గొప్పదో, దాని మూల్యం ఇంకొకరి చేత కట్టిస్తున్నందుకు అంత సిగ్గుగా అనిపించింది.

శుక్రవారం మధ్యాహ్నం అందరూ కూడారు. మిషను ఆపారు, కాగితాల కట్టల మీద, స్టూళ్ళ మీద కూర్చున్నారు. పదకొండు మందిలో చూపులేనివాళ్ళు నలుగురు. కోడలి అసలు అత్తగారు పాపను ఎత్తుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడింది, కోడలు ఇంటికి పరుగెత్తే పని తప్పుతుందని. ఒకే కప్పు కింద ఇద్దరత్తల మధ్య ఇరుక్కున్నావని ఎవరో ఏడిపించారు. ఎవరూ పెద్దగా నవ్వలేదు.

మేస్త్రి ఉన్నమాట చెప్పాడు. కోడలి పని మీద తనకే ఫిర్యాదూ లేదని, అంత శ్రద్ధగా ఊకొట్టే మనిషి మళ్ళీ దొరకదని తనకూ తెలుసని అన్నాడు. అయినా నీతిశాస్త్రం పుస్తకం కోసం కాలేజీల్లో పిల్లలు ఎదురుచూస్తున్నారు, నియమం రాసుకున్నది మనమే, ఈ రోజు మనకు ఇష్టమైన మనిషి కోసం వదిలేస్తే రేపు ఇష్టంలేని మనిషి మీద వాడతాం, అప్పుడు మళ్ళీ పాత యజమాని కాలమే అన్నాడు. గొంతులో కోపం లేదు, బాధే ఉంది. ఇందులో ఒక్క ముక్కనైనా తప్పుబట్టడం అత్త వల్ల కాలేదు.

అప్పుడు బైండింగు తాత లేచాడు. కాగితం కంటే మనసు పెద్దదన్నాడు. పసిబిడ్డ తల్లి, ఏదో అయింది, మనమంతా పెద్ద మనసు చేసుకుని క్షమించేద్దాం, ఆ మిగిలిన పేజీల పని నేనూ పంచుకుంటానన్నాడు. గదిలో చాలామంది తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. అయిపోయింది, ఇక టీ తాగి లేవొచ్చనుకున్నారు.

కోడలు లేచి నిలబడింది. నోట్లో నాలుక లేని పిల్ల అని పేరున్న మనిషి ఆమె.

"మీరు చల్లనివాళ్ళు తాతగారూ. కానీ క్షమించడానికి నేనేం తప్పు చెయ్యలేదు. ఈ నెల క్షమిస్తారు, వచ్చే నెల కూడా పాపకు ఆకలేస్తుంది. ప్రతి నెలా మీ ముందు తల దించుకుని నిలబడటం నా వల్ల కాదు. అంతకంటే వెళ్ళిపోతాను."

మేస్త్రి నియమం ఆమెను బయటికి పంపిస్తుంది, తాత దయ ఆమెను తలవంచుకుని ఉండమంటుంది. ఎవరి దగ్గరా మూడో మాట లేదు. మేస్త్రి, అయితే చేతులెత్తి తేల్చుకుందాం అన్నాడు.

అత్తకు ఏం చెయ్యాలో తెలియలేదు. కానీ ఇరవయ్యారేళ్ళ అలవాటు ఒకటి ఆవిడ నోట మాట్లాడించింది. తను చదవని కాగితం మీద తను తెలిసి ఎప్పుడూ ముద్ర వెయ్యలేదు. ఇప్పుడు ఏ కాగితం పేరు చెప్పి చెయ్యెత్తమంటున్నారో ఆ కాగితాన్ని తను ఎప్పుడైనా చదివిందా?

"మేస్త్రీ, ఆ తొమ్మిది నియమాలూ నాకోసారి ఇవ్వండి, చదువుకుంటాను."

మేస్త్రి ఫ్రేము వైపు చూశాడు. అద్దం వెనక సిరా అక్షరాలు. ఊళ్ళోని చూపులేనివాళ్ళందరికీ పుస్తకాలు వేసే ప్రెస్సు, తన సొంత నియమాలను మాత్రం చుక్కల్లో వేసుకోలేదు. ఐదేళ్ళుగా ఆ తలుపులోంచి వస్తూ పోతూ ఒక్కరికీ తట్టలేదు. మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయని పక్కవాళ్ళు తర్వాత చెప్పారు. ఆయన ఫ్రేము దింపి, మిషను దగ్గరికి వెళ్ళి, తనే కూర్చుని కొట్టాడు. రెండు పేజీలైంది. తెచ్చి అత్త ముందు పెట్టాడు.

మిషనులోంచి వచ్చిన ఏ పేజీనైనా జోడీగానే చదవాలి కాబట్టి, కోడలు ఫ్రేము ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. అత్త చదివింది, కోడలు ఊకొట్టింది. మొదటి పేజీలో నాలుగు నియమాలూ తెలిసినవే. రెండో పేజీలో ఐదోది, నలభై పేజీల సంగతి. ఆ తర్వాత ఆరోది.

"ఆరు. చుక్కల మిషను వేడెక్కకుండా రోజుకు రెండుసార్లు, కామా, నలభై నిమిషాల చొప్పున ఆపి, కామా, నూనె వెయ్యాలి, చుక్క. ఆ సమయాన్ని పనిలో తగ్గినట్టు లెక్కించరాదు, చుక్క."

"ఊ," అంది కోడలు.

అత్త వేళ్ళు ఆగిపోయాయి. ఇది ఆవిడ ఎన్నడూ విననిది. మిషను రోజూ ఆగుతుందని తెలుసు, ఆ నిశ్శబ్దంలో ఆవిడ ఎన్నో పేజీలు చదివింది. దానికో నియమం ఉందని మాత్రం తెలియదు. చూపున్నవాళ్ళకు తెలిసే ఉండాలి, కానీ గోడకు తగిలించిన కాగితం కళ్ళున్నవాళ్ళకు మూడో రోజు నుంచే కనిపించడం మానేస్తుంది. ఆవిడ ఏదో అనబోయింది. సరిగ్గా అప్పుడే పాప కేరుమంది.

అసలు అత్తగారు జోకొట్టింది, భుజాలు మార్చింది, కిటికీ చూపించింది. లాభం లేకపోయింది. కోడలు ఫ్రేము పక్కన పెట్టి, పాపను తీసుకుని వెనక గదిలోకి వెళ్ళింది. పరవాలేదు, మిగిలింది నేను చూస్తానని మేస్త్రి ఫ్రేము అందుకోబోయాడు.

"నాలుగో నియమం," అంది అత్త, చేతులు కట్టుకుని. "జోడీలో మనిషి లేస్తే పేజీ మళ్ళీ మొదటి నుంచి. ఆ మనిషి వచ్చేదాకా ఆగాలి."

సంతకాలు అందరివీ ఉన్నాయి. అలా ప్రెస్సు మొత్తం, నిక్కచ్చి మేస్త్రితో సహా, ఒక పసిపిల్ల కడుపు నిండేదాకా కాగితాల కట్టల మీద కూర్చుంది. గడియారం చప్పుడు వినిపించింది. ఎవరో దగ్గారు. ఎవరో టీ గ్లాసులు కడిగి పెట్టారు. లోపల్నుంచి పాప చప్పరించే చప్పుడు కూడా వినిపించింది, ఎంత శ్రద్ధగా పని చేస్తోందో.

ఆ నిశ్శబ్దంలో అత్తకు ఆ ఆదివారం జ్ఞాపకం వచ్చింది. చూపులేని నలుగురినీ ఓ పక్కన కూర్చోబెట్టి కాగితం పైకి చదివి వినిపించింది ఎవరు? బైండింగు తాత. నిదానంగా అడిగింది, బాబాయ్, ఆరోది ఆ రోజు మాకు చదివారా అని. తాతకు అబద్ధం చేతకాదు. మిషను గొడవ మీకెందుకులే, పాపం అప్పటికే అలిసిపోయారని అది వదిలేసి ఏడోది చదివానమ్మా అన్నాడు. ఆయన చెడ్డ మనసుతో చెయ్యలేదు. వాళ్ళకు ఏది కావాలో వాళ్ళను అడక్కుండా, తన మంచి మనసునే అడిగి చేశాడు. ఆ మాట అంటున్నప్పుడే ఆయనకు కూడా అర్థమైందేమో, తల వంచుకుని కూర్చున్నాడు.

కోడలు తిరిగొచ్చింది. పాప ఆమె భుజం మీద నిద్రపోతోంది. అత్త వేళ్ళు రెండో పేజీ మొదటి లైనుకు వెళ్ళాయి. ఐదోది మళ్ళీ చదివింది. ఊ. ఆరోది మళ్ళీ చదివింది, ఈసారి నెమ్మదిగా. రోజుకు రెండుసార్లు. నలభై నిమిషాల చొప్పున. తగ్గినట్టు లెక్కించరాదు. మొదటిసారి చదివినప్పుడు దగ్గినవాళ్ళూ కదిలినవాళ్ళూ ఈసారి కదల్లేదు. కోడలు ఊ అనలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చివరికి ఎలాగో అంది.

అత్త తొమ్మిదో నియమం దాకా చదివి, కాగితం మీద అరచెయ్యి ఆనించింది.

"మిషను ఆగకపోతే కాలిపోతుంది, కాబట్టి ఆపడం తప్పు కాదని రాసుకున్నాం. మంచిమాట. ఈ పిల్ల లేవకపోతే ఒక ప్రాణం ఆకలితో ఏడుస్తుంది. లేవడం తప్పని రాసుకున్నాం. అవే రెండుసార్లు, అవే నలభై నిమిషాలు. ఇనుముకు ఇచ్చింది మనిషికి ఇవ్వని కాగితం మీద నా సంతకం ఉందని నాకు ఈ రోజే తెలిసింది. మేస్త్రీ, దయ చూపమని అడగడంలేదు, నియమం వదిలెయ్యమనీ అనడంలేదు. ఆరో నియమంలో మిషను పక్కన మనిషిని కూడా చేర్చమంటున్నాను."

మేస్త్రి వెంటనే ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే ఆయన మేస్త్రే కాదు. రేపు ఇంకొకరికి ఇంకో అవసరం వస్తుంది, దేనికని చేరుస్తాం అన్నాడు. వస్తుంది, నాకు ఆరేళ్ళ కిందటే వచ్చింది అంది అత్త. మా అమ్మ కోసం లేచినప్పుడు, ఆగి, ఊపిరి తీసుకుని, మొదటి నుంచి చదువుకోవడానికి ఒక్క గంట నాదని ఎవరైనా అనుంటే ఆ నాలుగు లైన్లు పోయేవి కావు. మనుషులన్నాక ఎవరో ఒకరు ఎవరో ఒకరి చేతుల్లో ఉంటారు మేస్త్రీ, అది దాచిపెట్టి లెక్క కడితే లెక్కే తప్పవుతుంది.

మేస్త్రి వెళ్ళి మిషను మీద చెయ్యి వేశాడు. ఐదేళ్ళలో తను ఒక్కరోజు కూడా పని మధ్యలో లేవలేదు. అది తన నిక్కచ్చితనం అనుకునేవాడు, నలుగురికీ చెప్పుకునేవాడు కూడా.

"మా అమ్మ మంచం మీద ఉండి మూడేళ్ళయింది," అన్నాడు చివరికి. "ఒక్కసారి కూడా నాకు లేవాల్సిన పని పడలేదు. నా బదులు మా ఆవిడ లేస్తోంది. ఆవిడ సంతకం ఇందులో లేదు." ఆగి, "రాయండి అత్తా. మీరు చెప్పండి, నేను కొడతాను," అన్నాడు.

మాట వెనక్కి తీసుకోవడానికి వారం పట్టే మనిషికి ఆ రోజు అరగంట పట్టింది. ప్రెస్సు చరిత్రలో అదొక రికార్డు.

తర్వాత జరిగింది చూసి తీరాలి. తొమ్మిది నియమాలూ మళ్ళీ రాశారు, ఈసారి చుక్కల్లో ముందు, సిరాలో తర్వాత. నాలుగోది అక్షరం మారలేదు, మార్చనివ్వలేదు అత్త. ఐదో నియమంలో నలభై పేజీలూ ఉన్నాయి. ఆరోదానిలో మాత్రం, మిషను చల్లబడటానికి గానీ, ఒకరి మీద ఆధారపడ్డ మరో మనిషి అవసరం కోసం గానీ, ఆగిన సమయం తగ్గినట్టు లెక్కించరాదని చేరింది. ఎంత సమయమన్నది ముందుగా అందరికీ చెప్పి తేల్చుకోవాలని మేస్త్రి ఒక వాక్యం కలిపాడు. ఎవరినీ పేరు పెట్టి క్షమించలేదు. బైండింగు తాత పదో నియమం ఒకటి అడిగాడు, ఈ ప్రెస్సులో ఎవరికి ఏ కాగితం చదివి వినిపించినా ఒక్క లైను కూడా వదలకూడదని. అందరూ నవ్వారు, తాత నవ్వలేదు. అత్త పేజీ మీద ముద్ర ఒత్తినంత గట్టిగా, చేరుద్దాం బాబాయ్ అంది.

పూర్తయ్యాక అత్త మొదటి నుంచి చివరిదాకా పైకి చదివింది. ప్రతి నియమానికీ కోడలు ఊ అనేలోపే ఆ మూలా ఈ మూలా నుంచి ఊ అని వినిపించింది. ఆరోదానికి గది గదంతా అంది. తలుపు దగ్గర నుంచి అసలు అత్తగారి గొంతు అందరికంటే పైకి లేచింది, ఆవిడకు ఓటు లేదని ఎవరూ గుర్తుచెయ్యలేదు. తన నిజాయితీ వల్ల ఈ పిల్ల పోతోందని రాత్రంతా కుమిలిన అత్త, ఆ నిజాయితీ చేత్తోనే ఆమెను నిలబెట్టుకున్నందుకు అందరి ముందూ ఏడ్చేసింది. ఏడుస్తూనే రెండు పేజీల మూలల మీదా ముద్ర ఒత్తింది.

కాగితాన్ని తలుపు పక్కనే తగిలించారు, అద్దం లేకుండా, చెయ్యి అందే ఎత్తులో. గురువారం తగ్గిన రెండు పేజీలూ, శుక్రవారం పేజీలూ కలిపి శనివారం సాయంత్రానికల్లా పూర్తయ్యాయి, పరుగులు లేవు కాబట్టి తప్పులూ లేవు. నీతిశాస్త్రం అనుకున్న తేదీకి ఒక రోజు ముందే బైండింగుకు వెళ్ళింది. తాత మూడో అధ్యాయాన్ని కుట్టబోయే ముందు కూర్చుని సిరా అచ్చులో చదివాడని, మధ్యలో ఎవరితోనూ మాట్లాడలేదని అంటారు.

సోమవారం పదకొండింటికి కోడలు గడియారం చూసి లేవబోయింది. మిషను దగ్గర నుంచి మేస్త్రి కేకేశాడు, ఒక్క నిమిషం ఆగు, మిషను నూనె టైము కూడా ఈ పదకొండింటికే మార్చానని. మీట కిందికి దించాడు. పొద్దున్నుంచీ దడదడలాడుతున్న గది ఒక్కసారిగా శాంతించింది. కోడలు ఈసారి పరుగెత్తలేదు, నడిచి వెళ్ళింది. నలభై నిమిషాలూ మిషను చల్లబడింది, పాప కడుపు నిండింది, అత్త కాళ్ళు చాపుకుని తీరిగ్గా టీ తాగింది.

కోడలు వచ్చి ఎదురుగా కూర్చుంది. అత్త వేలు పేజీ మొదటి లైను మీద పెట్టి చదవడం మొదలుపెట్టింది.

"ఊ," అంది కోడలు.